అద్దె యింటికి పూచీ యెవరు?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు కట్టువారి ప్రయాస ఆ సామెతలో నిలిచిపోయినది. అద్దె యింటికై వీధివీధి తిరుగువారి ప్రయాసకు మాత్ర మందులో చోటు దొరకలేదు. నేడు పట్టణములలో నివసించు కుటుంబములనేకములకు తెలిసిన కష్టము ఈ రెండవదియే కావున, దానిని గూర్చి మా సోదరీమణులతో కొంత ముచ్చటింపదలచితిమి.

భర్త గతించిన యిల్లాలు, బిడ్డలతో వేరుగా నుండవలసివచ్చిన తల్లి, ఉద్యోగమునకై పరస్థలమునకు వచ్చిన కన్య, వీరిలో నెవరైనను టు లెట్ పలకను చూచి తలుపు తట్టినచో, మొదట వినవచ్చునది కిరాయి యెంతయను మాట కాదు. ఇంట మగవారెవరు? మీరేమిటివారు? రాకపోకలు చేయువారెవరు? ఈ ప్రశ్నలకు తృప్తికరముగా బదులు చెప్పిన పిదపనే బేరము. ఆ కష్టము నిజమైనదే. అయినను ఇంటి యజమానురాలి మనస్సులోని భయమును కూడ మనము తెలిసికొనవలెను. రెండు గదులు కిరాయికిచ్చి ఆ సొమ్ముతో కాలము గడుపుకొను వృద్ధురాండ్రు మనలో లేకపోలేదు. కిరాయి నిలిచిపోవునేమో, ఖాళీ చేయుమన్న చేయరేమో, గోడలు తలుపులు పాడగునేమో యని వారి దిగులు. ఆ దిగులుచేతనే పెక్కుమంది ఇంటికి తాళము వేసి యుంచుటయే మేలని తలచుచున్నారు.

ఈ తాళముల లెక్క సామాన్యమైనది కాదు. 2011 జనాభా లెక్కలలో మన దేశపు పట్టణములందు ఒక కోటి పది లక్షలకు పైగా ఇండ్లు ఖాళీగా నుండినట్లు తేలినది. 2012లో కేంద్ర ప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘము, పట్టణములలో ఇండ్ల కొరత దాదాపు ఒక కోటి ఎనుబదియెనిమిది లక్షలని చెప్పి, అందు నూటికి తొంబదియైదు పాళ్లకు మించి పేదలకును అల్పాదాయము గలవారికిని సంబంధించినదేయని తేల్చినది. ఒకవంక మనుష్యులు లేని యిండ్లు, మరియొకవంక ఇండ్లు లేని మనుష్యులు!

ఈ రెంటిని కలుపుటకు కొన్ని దేశములలో స్థానిక ప్రభుత్వమే నడుమ పెద్దగా నిలుచుచున్నది. ఐర్లండులో 2004లో నెలకొల్పిన పద్ధతి ప్రకారము, చిరకాలముగా ఇంటికై సర్కారు సాయము పొందుచున్న కుటుంబము కొరకు పురపాలకులు సొంతదారుతో ఒడంబడిక చేసికొందురు. సొంతదారునకు కిరాయి పురపాలకులే చెల్లింతురు. కాపురమున్నవారు తమ రాబడిని బట్టి తమ వంతును పురపాలకులకు కట్టుదురు. వేల్సు దేశమున 2022లో ఆరంభమైన పద్ధతిలో, సొంతదారు తన యింటిని అయిదు మొదలు ఇరువది సంవత్సరముల వరకు స్థానిక సంఘమునకు లీజుకిచ్చును. సంఘము నిర్వహణకై కొంత మినహాయించుకొని, ఇంట మనుష్యులున్నను లేకున్నను కిరాయి ముట్టజెప్పును. మరమ్మతులు చూచుకొనును. గడువు తీరిన పిదప ఇంటిని మంచి స్థితిలో తిరిగి అప్పగించును. ఇందుచేత యజమానురాలికి పూచీ దొరకినది. కాపురమున్నామెకు తలుపు తెరచుకొన్నది.

ఇది పడమటి దేశముల వింతయని త్రోసివేయరాదు. ప్రైవేటు ఇండ్లను ప్రభుత్వము లీజుకు గైకొను పద్ధతి మన దేశమునకు క్రొత్తది కాదు. సికింద్రాబాదునకు ఉత్తరమున నున్న మన బొల్లారమునే చూడుడు. హైదరాబాదు కంటింజెంటు సైన్యము విడిసిన దండు ఊరిది. 1860లో రెసిడెంటు కొరకు కట్టిన భవనమే నేడు రాష్ట్రపతి నిలయము. దండు ఉన్నచోట అధికారులకు నివాసములు కావలెను. అవి చాలనిచోట ప్రభుత్వమేమి చేసినది? దేశమందలి కంటోన్మెంట్ల కొరకు 1902లో నొకసారి, మరల 1923లో నొకసారి ప్రత్యేక శాసనములు చేసినది. సైనికాధికారికి ఇల్లు అవసరమైనచో ప్రైవేటు యజమానిచేత బలవంతముగా నైనను లీజు వ్రాయించుకొనుటకు ఆ శాసనము అధికారమిచ్చినది. ఆసుపత్రి, పాఠశాల మున్నగువానిగా వాడుకలోనున్న కట్టడములకు కొన్ని మినహాయింపులను, కిరాయి విషయమున తగవు వచ్చినచో తీర్చు మార్గమును కూడ అందు చెప్పబడినవి.

కంటోన్మెంటు వెలుపలను ఇట్టి యాలోచన జరిగినది. 1960లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ శాసనము, ఇల్లు ఖాళీయైనచో సొంతదారు ఆ సంగతిని నియమిత గడువులోగా అధికారికి తెలుపవలెననియు, ప్రభుత్వమునకు గాని దాని ఉద్యోగులకు గాని ఆ యిల్లు కావలసినచో గైకొనవచ్చుననియు విధించినది. అనగా అవసరము అధికారిదైనపుడు తాళము తీయించు మార్గము దొరకినది. అవసరము పేదరాలిదైనపుడు ఆ మార్గమును ఎవరును తలపెట్టలేదు.

పేదల కొరకు ఏమియు జరుగలేదని మేమనుటలేదు. సికింద్రాబాదు భోయిగూడలోని ఐ.డి.హెచ్. కాలనీయందు 2015లో 396 రెండు పడకగదుల ఇండ్లు పేద కుటుంబముల కీయబడినవి. 2023లో నగరపు అంచుననున్న కొల్లూరులో 15,660 ఇండ్ల సముదాయమును ప్రారంభించిరి. సొంత యిల్లు గొప్ప వరమే. కాని కట్టడమునకు ఏండ్లు పట్టును, చోటు దూరమగును. ఈ నెలాఖరునకే ఇల్లు ఖాళీ చేయవలసిన తల్లికి, నాలుగేండ్లకు వచ్చు యిల్లు ఈ రాత్రి నీడ నీయజాలదు. 2020లో కేంద్ర ప్రభుత్వము, సర్కారు సొమ్ముతో కట్టి ఖాళీగా పడియున్న ఇండ్లను స్వల్పమైన అద్దెకిచ్చు పథకమును తెచ్చినది. చండీగఢులో 2,195 ఇండ్లు, సూరతులో 393 ఇండ్లు అట్లు వాడుకకు వచ్చినవి. ఉద్యోగినుల వసతిగృహములకు 1972-73 నుండి కేంద్రపు సాయము కలదు. ఇవన్నియు మంచివే. ప్రైవేటు ఇంటి తాళము మాత్రము ఇంకను తాళముగానే యున్నది.

అయితే ప్రభుత్వము నడుమ నిలిచినంతమాత్రమున సర్వము చక్కబడునా? 2024 అక్టోబరులో తెలంగాణమున జరిగిన దానిని మరువరాదు. ప్రైవేటు భవనములలో అద్దెకు నడచుచున్న గురుకుల పాఠశాలలు కొన్నింటికి, కిరాయి బకాయి పడినదని సొంతదారులు తాళములు వేసిరి. దసరా సెలవులు ముగించుకొని వచ్చిన బాలబాలికలు వాకిట నిలువవలసివచ్చినది. అద్దె బాకీ పడినది సర్కారు, వీధిని నిలిచినది పిల్లలు. మాట తప్పిన పూచీ అసలు పూచీయే లేకుండుట కంటె చెడ్డది. ఏలయన, ఒకసారి కిరాయి రాని యజమానురాలు మరల ఎన్నడును తన యిల్లు పేదలకై సర్కారున కీయదు.

కావున మన పురపాలక సంఘములును కంటోన్మెంటు బోర్డులును ఇట్టి పద్ధతికి పూనుకొన్నచో, ముందుగా నాలుగు సంగతులు స్థిరము కావలెనని మా యభిప్రాయము. కిరాయి సొమ్ము సంవత్సరారంభముననే వేరుగా తీసియుంచి, నెల మొదటి వారముననే ముట్టజెప్పవలెను. మరమ్మతు ఎవరిదో, గడువు తీరిన పిదప ఇల్లు ఏ స్థితిలో అప్పగింపవలెనో వ్రాతలో నుండవలెను. కాపురముండు పత్రము ఇల్లాలి పేర నుండవలెను. అట్లయిన, భర్త విడిచిపోయినను ఆమె గూడు చెదరదు. కడపట, ఆమె పనికి, పిల్లల బడికి దగ్గరగా నున్న యింటినే చూపవలెను. బొల్లారమున రైలెక్కి సికింద్రాబాదునకు పోయి పనిచేసికొను స్త్రీకి, ఊరి చివరి పెద్ద యింటికంటె స్టేషనుకు దగ్గరనున్న చిన్న గదియే మేలు.

అంతవరకు మన చేతిలోనున్న జాగ్రత్తలను మనము విడువరాదు. ఇల్లు ఇచ్చునామెయైనను పుచ్చుకొనునామెయైనను నోటిమాటతో తృప్తిపడక కిరాయి పత్రము వ్రాయించుకొనవలెను. ప్రతినెల రసీదు తీసి దాచుకొనవలెను. ఇల్లు చేరునాడే గోడలు, కిటికీలు, కుళాయిల స్థితిని ఒక కాగితమున వ్రాసి ఇరువురును సంతకములు చేయవలెను. 2021లో కేంద్రమంత్రివర్గము ఆమోదించిన మాదిరి అద్దె చట్టము, నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించరాదని చెప్పినది. అది రాష్ట్రములకు మాదిరి మాత్రమే యైనను, బేరమాడునపుడు న్యాయమైన కొలతగా పనికివచ్చును.

తాళము వేసిన యింట చెదలు పట్టును, దీపము వెలుగు నింట సిరి నిలుచును. యజమానురాలి భయమును తీర్చి, నీడలేని తల్లికి తాళపుచెవి చేతికిచ్చు బాధ్యతను మన పట్టణసభలు వహింపవలెనని కోరుదము. ఓటడుగ వచ్చువారిని ఈ మాట అడుగుటకు స్త్రీలకంటె తగినవారెవరు?