భాగం 6 : పెద్ద సంగీత సేకరణకు తగిన పోర్టబుల్ ప్లేయర్ ఎంపిక

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మీ దగ్గరున్న సంగీతానికి ఎంత మెమరీ కావాలో లెక్కగట్టగలుగుతారు.
• వేవ్, ఫ్లాక్, ఎంపీ3 ఫార్మాట్ల మధ్య తేడాలను వివరించగలుగుతారు.
• ప్లేయర్ కొనే ముందు పరిశీలించవలసిన అంశాలను గుర్తించగలుగుతారు.
• మెమరీ కార్డును పరీక్షించే పద్ధతిని, మూల ప్రతులను కాపాడుకోవలసిన అవసరాన్ని చెప్పగలుగుతారు.

6.1 పరిచయం

1979 జులైలో సోనీ సంస్థ జపాన్‌లో వాక్‌మన్‌ను అమ్మకానికి పెట్టింది. అందులో ఒకసారికి ఒక క్యాసెట్, అంటే గంట లేదా గంటన్నర సంగీతం మాత్రమే పట్టేది. 2001 అక్టోబరు 23న ఆపిల్ సంస్థ ప్రకటించిన మొదటి ఐపాడ్‌లో 5 జీబీ హార్డ్ డిస్క్ ఉండేది. వెయ్యి పాటలు జేబులో పడతాయని ఆ సంస్థ ప్రచారం చేసింది. 2007 నాటికి ఐపాడ్ క్లాసిక్ సామర్థ్యం 160 జీబీకి చేరింది. 2014లో క్లాసిక్ అమ్మకం ఆగిపోయింది. 2022లో ఐపాడ్ శ్రేణికే ఆ సంస్థ స్వస్తి చెప్పింది.

ఈనాడు చాలామంది ఇంటర్నెట్ ద్వారా ఫోన్‌లోనే పాటలు వింటున్నారు. అలాంటప్పుడు సొంత సేకరణ, దానికొక ప్లేయర్ ఎందుకు అనే ప్రశ్న సహజం. ఇంటర్నెట్‌లో దొరకని సంగీతం ప్రతి ఇంట్లోనూ కొంత ఉంటుంది. రేడియో నుంచి క్యాసెట్‌లోకి ఎక్కించుకున్న కచేరీ, ఊళ్లో జరిగిన హరికథ, పెళ్లిలో వాయించిన నాదస్వరం, అమ్మమ్మ పాడిన మంగళహారతి ఇటువంటివే. వీటిలో చాలావాటికి లోకంలో ఒకటే ప్రతి ఉంటుంది. కాబట్టి ప్లేయర్ ఎంపికలో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. సేకరణ మొత్తాన్ని వెంట తీసుకువెళ్లడం ఎలా? అలా తీసుకువెళ్లే క్రమంలో దాన్ని పోగొట్టుకోకుండా ఉండడం ఎలా? ఈ భాగంలో రెండింటినీ పరిశీలిద్దాం.

6.2 సేకరణను గంటల్లో కొలవడం

ప్రకటనల్లో ప్లేయర్ సామర్థ్యాన్ని పాటల సంఖ్యలో చెబుతారు. మన సంగీతానికి ఈ కొలత సరిపోదు. సినిమా పాట నాలుగైదు నిమిషాల్లో ముగుస్తుంది. కచేరీలో రాగం తానం పల్లవి ఒక్కటే గంటసేపు సాగవచ్చు. హరికథ రెండు మూడు గంటలైనా ఉంటుంది. కాబట్టి సేకరణను గంటల్లో కొలవాలి.

ఉదాహరణకు ఒక కుటుంబం దగ్గర 60 నిమిషాల సీడీలు 300, 60 నిమిషాల క్యాసెట్లు 150, రేడియో నుంచి రికార్డు చేసినవి 100 గంటలు ఉన్నాయనుకుందాం. మొత్తం 300 + 150 + 100 = 550 గంటలు. ఈ ఉదాహరణను మిగిలిన లెక్కల్లోనూ వాడుకుందాం.

6.3 ఫార్మాట్లు - అవి ఆక్రమించే చోటు

సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో నమోదు చేస్తారు. కుడి, ఎడమ చానళ్లు రెండు కాబట్టి సెకనుకు 44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు అవుతాయి. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఈ లెక్కన గంట సంగీతానికి సుమారు 635 ఎంబీ కావాలి. కుదించకుండా ఇలా ఉన్నదున్నట్టు దాచే ఫార్మాట్ వేవ్.

ఫ్లాక్ ఫార్మాట్ ఇదే సమాచారాన్ని ఏమీ నష్టపోకుండా కుదిస్తుంది. విప్పినప్పుడు మొదటి సమాచారం బిట్టు తేడా లేకుండా తిరిగి వస్తుంది. పరిమాణం సంగీతాన్ని బట్టి మారుతుంది. మనం వేవ్‌లో 60 శాతంగా, అంటే గంటకు 381 ఎంబీగా తీసుకుందాం.

ఎంపీ3 పద్ధతి వేరు. పెద్ద శబ్దం పక్కన చెవికి ఆనని చిన్న శబ్దాల వంటి వివరాలను అది వదిలివేస్తుంది. వదిలివేసినది మళ్లీ రాదు. సెకనుకు ఎన్ని కిలోబిట్లు వాడతామన్నదాన్ని బట్టి నాణ్యత, పరిమాణం మారతాయి. 550 గంటల సేకరణకు కావలసిన చోటును పట్టిక 6.1లో చూడండి.

పట్టిక 6.1 : 550 గంటల సంగీతానికి కావలసిన చోటు
ఎంపీ3, 128 కిలోబిట్లు - గంటకు 57.6 ఎంబీ - మొత్తం సుమారు 32 జీబీ
ఎంపీ3, 256 కిలోబిట్లు - గంటకు 115.2 ఎంబీ - మొత్తం సుమారు 63 జీబీ
ఎంపీ3, 320 కిలోబిట్లు - గంటకు 144 ఎంబీ - మొత్తం సుమారు 79 జీబీ
ఫ్లాక్ - గంటకు 381 ఎంబీ - మొత్తం సుమారు 210 జీబీ
వేవ్ - గంటకు 635 ఎంబీ - మొత్తం సుమారు 349 జీబీ

ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. 128 కిలోబిట్ల ఎంపీ3ని ఫ్లాక్‌లోకి మార్చితే నాణ్యత పెరుగుతుందని భావిస్తారు. ఫైలు పరిమాణం పెరుగుతుందే తప్ప, పోయిన వివరాలు తిరిగి రావు. పలచబడిన పాలను పెద్ద గిన్నెలో పోసినంత మాత్రాన చిక్కబడవు కదా!

6.4 సామర్థ్యాన్ని నిర్ణయించడం

అన్నింటినీ ఒకే ఫార్మాట్‌లో ఉంచాలన్న నియమం లేదు. మన ఉదాహరణలో సీడీలను ఫ్లాక్‌లో, క్యాసెట్, రేడియో రికార్డింగులను 256 కిలోబిట్ల ఎంపీ3లో ప్లేయర్‌లో పెట్టుకోవచ్చు.

సీడీలు: 300 × 381 ఎంబీ = 114.3 జీబీ
మిగిలినవి: 250 × 115.2 ఎంబీ = 28.8 జీబీ
మొత్తం: 143.1 జీబీ

సేకరణ పెరుగుతుంది కాబట్టి నాలుగో వంతు అదనంగా కలిపితే సుమారు 179 జీబీ అవుతుంది. ఇందుకు 256 జీబీ కార్డు సరిపోతుంది. ఆ కార్డును కంప్యూటర్‌లో పెడితే 238 జీబీ అని కనిపించవచ్చు. ఇది మోసం కాదు. తయారీదారు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు. కొన్ని కంప్యూటర్లు 107 కోట్లకు పైగా ఉన్న బైట్లను ఒక జీబీగా చూపుతాయి. తేడా కొలమానంలోనే ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
ప్ర. 200 గంటల సంగీతాన్ని ఫ్లాక్‌లో దాచడానికి ఎంత చోటు కావాలి?
జ. 200 × 381 = 76,200 ఎంబీ, అంటే సుమారు 76 జీబీ.

6.5 ప్లేయర్‌లో పరిశీలించవలసిన అంశాలు

6.5.1 కార్డు స్లాట్ : లోపలి మెమరీ ఒక్కదానిపైనే ఆధారపడే ప్లేయర్ కంటే, కార్డు మార్చుకునే వీలున్నది పెద్ద సేకరణకు మేలు. 32 జీబీ వరకు ఉండే కార్డులను ఎస్‌డీహెచ్‌సీ అని, ఆపైన 2 టీబీ వరకు ఉండేవాటిని ఎస్‌డీఎక్స్‌సీ అని అంటారు. రెండో రకం కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ వ్యవస్థతో వస్తాయి. పాత ప్లేయర్లు కొన్ని దాన్ని చదవలేవు. కాబట్టి ఏ పరిమాణం వరకు కార్డు పనిచేస్తుందో వివరపత్రంలో చూసి తీరాలి.

6.5.2 పాటల సంఖ్యకు పరిమితి : కార్డులో చోటున్నా, కొన్ని ప్లేయర్ల జాబితా నిర్ణీత సంఖ్య వరకే పాటలను నమోదు చేసుకుంటుంది. ఆపైన ఉన్నవి కార్డులో ఉండి కూడా జాబితాలో కనిపించవు. ఫోల్డర్ల వారీగా వెతుక్కునే సౌకర్యం ఉంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

6.5.3 తెలుగు పేర్లు : పాట పేరు, గాయకుడి పేరు వంటి వివరాలను ఫైలులోనే ట్యాగులుగా రాస్తారు. ఎంపీ3 ట్యాగుల తొలి రూపంలో ఒక్కో వివరానికి 30 బైట్లే ఉండేవి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. 'అన్నమాచార్య' అనే పేరులో గుణింతపు గుర్తులు, పొల్లులతో కలిపి 11 సంకేతాలున్నాయి. అంటే 33 బైట్లు. ఆ ఒక్క పేరుకే చోటు చాలదు! తరువాతి రూపాల్లో ఈ పరిమితి తొలగింది. అయినా ప్లేయర్‌లో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల బదులు గళ్లు కనిపిస్తాయి. దుకాణానికి వెళ్లేటప్పుడు తెలుగు పేర్లున్న నాలుగైదు ఫైళ్లను కార్డులో తీసుకువెళ్లి, అక్కడే పెట్టి చూడండి. వత్తులు సరిగా పడుతున్నాయో లేదో కూడా గమనించండి.

6.5.4 ఎడం లేకుండా మోగడం : ఒకే కచేరీని పలు ట్రాకులుగా విడగొట్టినప్పుడు, కొన్ని ప్లేయర్లు రెండు ట్రాకుల మధ్య క్షణకాలం ఆగుతాయి. ఎంపీ3గా మార్చేటప్పుడు ఫైలు మొదట, చివర కొద్దిపాటి నిశ్శబ్దం చేరడం దీనికి ఒక కారణం. ఆలాపన నుంచి తానంలోకి వెళ్లే చోట ఈ తెగింపు చెవికి ములుకులా గుచ్చుకుంటుంది. దీన్ని నివారించే సౌకర్యాన్ని గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ అంటారు.

6.5.5 హెడ్‌ఫోన్, బ్లూటూత్ : బ్లూటూత్ ద్వారా వినేటప్పుడు సంగీతం గాలిలోకి వెళ్లే ముందు సాధారణంగా మరోసారి కుదింపుకు గురవుతుంది. అన్నిచోట్లా ఉండే ఎస్‌బీసీ పద్ధతి మేలైన అమరికలో కూడా సెకనుకు 328 కిలోబిట్లే పంపుతుంది. ఎప్పుడూ ఇలాగే వినేవారికి ఖరీదైన ఫ్లాక్ ప్లేయర్ వల్ల కలిగే ప్రయోజనం స్వల్పం. ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోవడం తెలివైన పని.

6.5.6 బ్యాటరీ : లిథియం అయాన్ బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది. ప్రకటించిన గంటలకంటే, బ్యాటరీ పోయినప్పుడు మార్చే వీలుందా అన్నది ముఖ్యమైన ప్రశ్న.

6.5.7 ఫోన్ చాలదా? : కార్డు స్లాట్ ఉన్న ఫోన్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే, ముందుగా అందులోనే ప్రయత్నించండి. తెలుగు అక్షరాల విషయంలో స్మార్ట్‌ఫోన్ చాలా చిన్న ప్లేయర్ల కంటే మెరుగు. కార్డు స్లాట్ లేకపోయినా, వినేటప్పుడు ఫోన్ కాల్స్ అడ్డు వస్తున్నాయనిపించినా ప్రత్యేక ప్లేయర్ గురించి ఆలోచించవచ్చు.

6.6 కార్డు పరీక్ష - మూల ప్రతుల రక్షణ

బజారులో నకిలీ కార్డులు ఉంటాయి. అసలు సామర్థ్యం 64 జీబీ ఉన్న కార్డు తాను 512 జీబీ అని కంప్యూటర్‌కు చెప్పుకునేలా మార్పు చేస్తారు. కాపీ చేసేటప్పుడు పొరపాటు సందేశం ఏదీ రాదు. ఫైళ్ల పేర్లు, పరిమాణాలు అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి. కానీ 64 జీబీ దాటిన తరువాత రాసినది ఎక్కడా నిలవదు, లేదా ముందు రాసినదాన్ని చెరిపివేస్తుంది. నెల తరువాత పాట మోగకపోయినప్పుడే సంగతి బయటపడుతుంది. ఈలోగా, కార్డులో ఉందికదా అని కంప్యూటర్‌లోని ఫైలును తీసివేసి ఉంటే, ఆ రికార్డింగు పోయినట్టే.

అందువల్ల కొత్త కార్డును వాడకముందే పూర్తిగా నింపి, తిరిగి చదివి పరీక్షించాలి. ఈ పనికి విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యు, లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. పరీక్షకు కొన్ని గంటలు పట్టవచ్చు. దుకాణదారు కార్డు వాపసు తీసుకునే గడువు ముగిసేలోగా ఇది పూర్తిచేయాలి.

ప్లేయర్‌లో ఉన్నది వినడానికి పెట్టుకున్న నకలు మాత్రమే అని గుర్తుంచుకోండి. బస్సులో పడిపోయేది, వానలో తడిసేది, దొంగ పట్టుకుపోయేది అదే. మూల ప్రతులు ఇంట్లో ఉండాలి. క్యాసెట్‌ను డిజిటల్‌లోకి మార్చేటప్పుడు ఒకసారి ఫ్లాక్‌లో దాచి, దాని నుంచి ప్లేయర్ కోసం ఎంపీ3 తయారు చేసుకోవాలి. మన ఉదాహరణలో 550 గంటలకు ఫ్లాక్ మూల ప్రతులు 210 జీబీ కాబట్టి, 1 టీబీ హార్డ్ డిస్క్‌లో సులువుగా పడతాయి. అటువంటివి రెండు కొని, ఒకదాన్ని మరో ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచితే అగ్నిప్రమాదం, వరద వంటివి వచ్చినా సేకరణ నిలుస్తుంది. బడ్జెట్ తక్కువైతే ప్లేయర్ ధర తగ్గించుకోండి కానీ, ఈ డిస్కులను మానుకోకండి. ప్లేయర్ మళ్లీ కొనుక్కోవచ్చు. అమ్మమ్మ గొంతును కొనుక్కోలేం.

6.7 వినికిడి జాగ్రత్త

సేకరణ పెద్దదైతే వినే సమయమూ పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల వరకు వినవచ్చు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఈ సమయం సగమవుతుంది. అందువల్ల 90 డెసిబెల్స్ వద్ద మిగిలేది వారానికి సుమారు 4 గంటలే. బస్సు రొదను అణచడానికి వాల్యూమ్ పెంచేకంటే, చెవిలో బిగువుగా కూర్చుని బయటి శబ్దాన్ని ఆపే ఇయర్‌ఫోన్ వాడడం మంచిది.

6.8 సారాంశం

సేకరణను పాటల్లో కాక గంటల్లో కొలవాలి. ఫార్మాట్‌ను నిర్ణయించుకుని, నాలుగో వంతు అదనంగా కలిపి సామర్థ్యాన్ని లెక్కించాలి. కార్డు పరిమితి, జాబితా పరిమితి, తెలుగు అక్షరాలు, గ్యాప్‌లెస్ సౌకర్యం, బ్యాటరీ మార్పిడి అనే అంశాలను కొనే ముందే చూడాలి. కొత్త కార్డును నింపి పరీక్షించాలి. మూల ప్రతులను ప్లేయర్‌కు వెలుపల, రెండు చోట్ల భద్రపరచాలి.

6.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పెద్ద సంగీత సేకరణకు ప్లేయర్‌ను ఎంచుకునేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను చర్చించండి.
2. ప్లేయర్‌లోని నకలుకు, మూల ప్రతికి గల తేడాను వివరించి, మూల ప్రతులను కాపాడే పద్ధతులను తెలపండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫ్లాక్, ఎంపీ3 ఫార్మాట్ల తేడాలను రాయండి.
2. నకిలీ మెమరీ కార్డు వల్ల కలిగే నష్టం ఏమిటి? దాన్ని ఎలా గుర్తిస్తారు?

III. అభ్యాసం
మీ ఇంట్లోని క్యాసెట్లు, సీడీలు, ఫోన్ రికార్డింగులను గంటల్లో లెక్కించండి. వాటిలో ఒకటే ప్రతి ఉన్నవాటిని విడిగా జాబితా రాసి, ముందుగా వాటినే డిజిటల్‌లోకి మార్చండి.