ఎదురుచూపుల చక్రం

బాలలూ! పండుగ ఎప్పుడా అని మీరు రోజులు లెక్కపెడతారు కదూ? జర్మనీలో హాంబర్గ్ నగరం ఉన్నది. అక్కడ యోహాన్ విషెర్న్ అనే క్రైస్తవ సేవకుడు బీద పిల్లల కోసం 1833లో ఒక ఆశ్రమం స్థాపించాడు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలతో సాగే ఎదురుచూపుల రోజులను ఆగమన కాలం అంటారు. ఆ రోజుల్లో పిల్లలు, "పండుగ ఎప్పుడండీ?" అని పదే పదే అడిగేవారు.

1839లో విషెర్న్ ఒక బండిచక్రం మీద కొవ్వొత్తులు నిలిపాడు. ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి, తక్కిన రోజులకు చిన్న ఎర్రవి. రోజుకు ఒకటి చొప్పున వెలిగించేవారు. వెలిగించనివి లెక్కపెడితే, పండుగ ఇంకా ఎన్నాళ్లో పిల్లలకే తెలిసిపోయేది! బయట రాత్రులు పెరుగుతుంటే, లోపల వెలుగు పెరిగేది.

చూశారా! ఊరికే కూర్చోవడం ఎదురుచూడడం కాదు. రేపటిమీద నమ్మకంతో, గురువు చెప్పిన ఈనాటి పని ఈనాడే చేసేవాడు నిజమైన శిష్యుడు.