ఇంగ్లీషులో ప్రశ్న నడుగు విధము

అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దలు చెప్పుదురు. బిడ్డ మాటలు నేర్చిన నాటినుండి "ఇదేమి? అదెందుకు?" అని తల్లిని వేధించుట మన మెరిగినదే. అట్టి బిడ్డ బడిలో చేరిన పిదప, పాఠ మర్థము కాకున్నను, నోరు మెదపక కూర్చుండుటకు కారణమేమి? అడుగదలచిన దానిని ఇంగ్లీషున నెట్లడుగవలెనో తెలియకపోవుటయే పెక్కు సమయముల కారణమని మా యనుభవము. తెలంగాణములోని ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరమున ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. కావున ఈ చిక్కు కలవారి యిండ్లకు మాత్రమే చెందినది కాదు. కూలికి పోవు తల్లి బిడ్డకును గలదు. బిడ్డకు సాయపడదలచిన తల్లి తెలిసికొనవలసిన సంగతులు కొన్ని యిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా మన భాషలు ప్రశ్న నెట్లడుగునో చూతము. మేము నివసించు కాగజ్‌నగర్ ఇందుకు తగిన చోటు. కాగజ్ అనగా ఉర్దూలో కాగితము. 1942లో ఉత్పత్తి నారంభించిన సిర్పూరు కాగితపు మిల్లు వలననే ఈ యూరి కీ పేరు వచ్చినది. పనికొరకు నలుదిక్కులనుండి జనులు వచ్చి చేరిరి. మిల్లు 2014లో మూతపడి 2018లో మరల తెరువబడినది గాని, వచ్చిన భాషలు మాత్రము ఊరు విడువలేదు. సమీపమున నజ్రుల్‌నగర్ మొదలగు చోట్ల బెంగాలీ కుటుంబములు స్థిరపడియున్నవి. మహారాష్ట్రము ఇచ్చటికి దూరము కాదు.

ఇట్టి యూరిలో ఒకే ప్రశ్న నాలుగు విధముల వినబడును. తెలుగు పొరుగామె "నీవు వచ్చెదవా?" అనును. ఉర్దూ మాటలాడు నామె "క్యా తుమ్ ఆవోగే?" అనును. మరాఠీ యామె "తూ యేణార్ కా?" అనును. బెంగాలీ యామె "తుమి కి ఆస్‌బే?" అనును. వీనిలో గల సామ్యమును గమనింపుడు. తెలుగున 'ఆ', ఉర్దూలో 'క్యా', మరాఠీలో 'కా', బెంగాలీలో 'కి' అను చిన్న మాట యొకటి చేరుచున్నది, అంతే. దానిని తీసివేసినచో మిగిలిన మాటలు కదలక, తమ తమ చోట్లనే యుండి, మామూలు వాక్య మగుచున్నవి.

ఇంగ్లీషు త్రోవ వేరు. అది చిన్న మాటను చేర్చదు; ఉన్న మాటల చోట్లు మార్చును. మన పిల్లలు "యూ ఆర్ కమింగ్?" అని చివర స్వరము పెంచి యడుగుట ఈ భేదము తెలియకనే. ఇంగ్లీషువారును ఆశ్చర్యపడినప్పుడు అట్లనుట కలదు గాని, అది మామూలుగా నడుగు ప్రశ్న కాదు. మనము 'ఆ' చేర్చి పని ముగింతుము. ఇంగ్లీషున 'ఆ' లేదు గనుక పిల్లవాడు దాని బదులు గొంతు నెత్తుచున్నాడు. తెలివితక్కువ యని వానిని కోపింపరాదు. తల్లిభాష నేర్పిన పద్ధతినే వాడు పాటించుచున్నాడు.

ఇక సూత్రములు. మొదటిది: వాక్యములో సహాయక్రియ యున్నయెడల దానిని కర్తకు ముందు నిలుపవలెను. "షి ఈజ్ కుకింగ్" అనగా ఆమె వంట చేయుచున్నది. చేయుచున్నదా యని యడుగుటకు "ఈజ్ షి కుకింగ్?" అనవలెను. "దే హావ్ కమ్" అనునది "హావ్ దే కమ్?" అగును. "యూ కెన్ రీడ్" అనునది "కెన్ యూ రీడ్?" అగును. రెండు మాటలు మాత్రమే స్థలము మార్చుకొన్నవి, తక్కినవి కదలలేదు.

రెండవది: సహాయక్రియ లేని వాక్యములో ముందునకు తెచ్చుటకేమున్నది? "షి సింగ్స్" అనుచోట షి కర్త, సింగ్స్ ప్రధానక్రియ. మూడవ మాట లేదు. అప్పుడు 'డూ' అను మాటను పిలువనంపవలెను. అది వచ్చి కాలమును, పురుషమును తెలుపు భారము తానే వహించును. "డజ్ షి సింగ్?" అని యడుగవలెను. సింగ్స్‌లోని స్‌కారము డజ్‌లోనికి పోయినది. అట్లే "హి వెంట్" అనునది "డిడ్ హి గో?" అగును. "డిడ్ హి వెంట్?" అనుట మన పిల్లలు తరచుగా చేయు తప్పు. నీళ్లబిందె ఒకరి తలమీదినుండి మరియొకరి తలమీదికి మారిన పిమ్మట మొదటివారి తలమీద నుండదు గదా! భూతకాలము డిడ్ తలమీది కెక్కినది. క్రియ తేలికపడి గో అయినది. ఈ యొక్క పోలిక చెప్పినంతనే మా యొద్దకు వచ్చు బాలికలు ఆ తప్పును చాలవరకు మానిరి.

ఈ 'డూ' ఇంగ్లీషునకు మొదటినుండి తప్పనిసరి కాదు. షేక్స్‌పియరు (1564–1616) కాలమున ప్రధానక్రియనే కర్తకు ముందుంచి యడుగుటయు, డూ చేర్చి యడుగుటయు రెండును గలవు. కాలక్రమమున రెండవ పద్ధతియే స్థిరపడినది. నియమములు ఆకాశమునుండి ఊడిపడలేదనియు, వాడుకవలన నేర్పడినవనియు తెలిసికొన్నచో పిల్లలకు భయము కొంత తగ్గును.

మూడవది: ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అను మాటలతోడి ప్రశ్నలు. "నీవు ఎక్కడికి పోవుచున్నావు?" అనుచోట 'ఎక్కడికి' అనునది జవాబులో 'అంగడికి' అను మాట నిలుచు చోటనే నిలిచినది. ఇంగ్లీషున నట్టి మాట వాక్యము మొదటికి వచ్చును. దాని వెనుక సహాయక్రియ, పిమ్మట కర్త. "వేర్ ఆర్ యూ గోయింగ్?" అనవలెను గాని "వేర్ యూ ఆర్ గోయింగ్?" అనరాదు. ఒక్క మినహాయింపు గలదు. ప్రశ్న కర్తను గూర్చియే యైనచో ఏమియు కదలదు, డూ రాదు. ఎవరు వచ్చిరి? "హూ కేమ్?" అంతే.

ప్రశ్న మరియొక వాక్యములో నిమిడియున్నప్పుడు ఈ తారుమారు నిలిచిపోవును. "వేర్ ఈజ్ ది ఆఫీస్?" అని సూటిగా నడిగినప్పుడు ఈజ్ ముందు. "కెన్ యూ టెల్ మీ వేర్ ది ఆఫీస్ ఈజ్?" అని మర్యాదగా నడిగినప్పుడు ఈజ్ చివరకు పోయినది. ముందున్న కెన్ యూ అప్పటికే ప్రశ్నను తెలిపినది. మరల మార్చ నక్కరలేదు. బ్యాంకులోనో కచేరీలోనో అపరిచితులతో మాటలాడునప్పుడు ఈ రెండవ రీతియే శోభించును.

మన 'కదా' అను మాటయు చిక్కు తెచ్చునదే. ఎవరినైనను, ఏ కాలమునైనను "కదా" అన్న చాలును. అందుచేత మనవారు ప్రతి వాక్యము చివర "ఈజింటిట్" అని తగిలింతురు. ఇంగ్లీషున ఆ తోక మొదటి వాక్యమును బట్టి మారును. "యూ ఆర్ టయర్డ్, ఆరెంట్ యూ?" "షి సింగ్స్, డజంట్ షి?" ముందున్నది అవునని చెప్పినచో తోక కాదని చెప్పును, ముందు కాదన్నచో తోక అవుననును.

అన్నిటికంటె జాగ్రత్తపడవలసిన సంగతి వేరొకటి గలదు. వైద్యుడు ఒక తల్లిని "హావెంట్ యూ గివెన్ ది మెడిసిన్?" అనగా మందు ఇయ్యలేదా యని యడిగె ననుకొందము. ఆమె ఇయ్యలేదు. "అవునండి, ఇయ్యలేదు" అనుట మన వాడుక. ఆ యవునును ఇంగ్లీషు చేసి "యెస్" అని యూరకుండినచో, ఇంగ్లీషు మర్యాదను బట్టి వైద్యునికి "ఇచ్చితిని" అని యర్థమగును. ఇచ్చినను జ్వరము తగ్గలేదని తలచి యాతడు మందును మార్చవచ్చును, హెచ్చింపవచ్చును. మనము అడిగినవారి మాటకు ఔననియో కాదనియో చెప్పుదుము. ఇంగ్లీషువారు జరిగిన పనికి చెప్పుదురు. పని జరుగలేదా, "నో" అనవలెను. అనుమానము కలిగినచో ఒక్క మాటతో నాపక "నో, ఐ హావెంట్" అని పూర్తిగా చెప్పుడు. అదియు రాకున్న తెలుగులోనే చెప్పుడు. బిడ్డ ప్రాణముకంటె ఇంగ్లీషు గొప్పది కాదు.

ఇంతమాత్రమున మన భాషను తక్కువగా నెంచరాదు. మన 'ఆ' కు గల నేర్పు చూడుడు. "రాముడు నిన్న బడికి పోయెనా?" "రాముడా నిన్న బడికి పోయినది?" "నిన్ననా రాముడు బడికి పోయినది?" ఏ మాటను గూర్చి సందేహమో ఆ మాటకే చేరి ప్రశ్నను సూటిగా దానిమీద నిలుపును. 1840లో సి.పి. బ్రౌను దొర తమవారికొరకు ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణము ప్రకటించెను. ఆ దినములలో మాటలను తారుమారు చేయు నలవాటు మాని మన 'ఆ'ను పట్టుకొనవలసిన పాట్లు వారివి. నేర్చువారి కెవరికైనను క్రొత్త భాష కష్టమే.

నేర్పుట కొక యుపాయము చెప్పి విరమించెదము. పాత నోటుపుస్తకముల కాగితములు ముక్కలుగా కత్తిరించి, ముక్క కొక మాట వ్రాసి, బిడ్డ ముందు వాక్యముగా పరువుడు. సహాయక్రియ ముక్కను ఎత్తి కర్తకు ముందు పెట్టుమనుడు. సహాయక్రియ లేనప్పుడు డూ, డజ్, డిడ్ అను మూడింటిలో నొకటి తెచ్చి పెట్టుమనుడు. వంట యుడుకులోపల పది ప్రశ్నలు తయారగును. తల్లికి ఇంగ్లీషు రాకున్నను చింత లేదు. బిడ్డ చదువుచుండగా తానును నేర్చుకొనవచ్చును. తప్పు వచ్చినప్పుడు మాత్రము నవ్వకుడు. నవ్వులపాలైన బిడ్డ మరల నడుగ వెరచును; అడుగ వెరచినవానికి ఏ భాషలోను చదువు రాదు.