175 గ్రాముల అభిమానం

2019లో పాల్ మెక్‌బెత్ అనే ఆటగాడితో డిస్క్‌క్రాఫ్ట్ కంపెనీ నాలుగేళ్లకు 10 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. రెండేళ్లు గడిచేసరికి దాన్ని పక్కనపెట్టి కొత్తది రాసుకున్నారు: పదేళ్లకు కోటి డాలర్లు. ఇదంతా పార్కులో చెట్ల మధ్య నుంచి ప్లాస్టిక్ డిస్కు విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేసే ఆట కోసం. ఆ ఆట పేరు డిస్క్ గోల్ఫ్.

మెక్‌బెత్ అంతకుముందు ఇన్నోవా కంపెనీ ఆటగాడు. ఆ డిస్కులతోనే 2012 నుంచి 2015 దాకా వరసగా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. కంపెనీ మారాక, కొత్త డిస్కులతో ఆడిన మొదటి ఏడాదే ఐదో టైటిల్ గెలిచాడు. 2022లో ఆరోది కూడా వచ్చింది. బ్యాగులోని సరుకంతా మారిపోయినా ఫలితం మారలేదు. పైస్థాయిలో బ్రాండు మీద అభిమానం అంటే సంతకం పెట్టిన కాగితమే. ఏ కంపెనీతో సంతకం చేస్తే ఆ డిస్కులే విసరాలి. మామూలు ఆటగాడికి అలాంటి కాగితం లేదు, ఎవరూ డబ్బూ ఇవ్వరు. అయినా "నేను ఇన్నోవా మనిషిని", "మాది డిస్క్‌క్రాఫ్ట్ బ్యాగు" అని చెప్పుకునేవాళ్లకు కొదవ లేదు. ఈ అభిమానంలో లెక్కకు నిలిచేది ఎంత, అలవాటు ఎంత?

నిబంధనల నుంచి మొదలుపెడదాం. ఆటను నడిపే సంఘం పీడీజీఏ. 1976లో ఎడ్ హెడ్రిక్ స్థాపించాడు. అంతకు ఏడాది ముందు కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేసింది కూడా ఆయనే. పీడీజీఏ ఆమోదం లేని డిస్కును పోటీల్లో వాడకూడదు. ఆమోదం కావాలంటే డిస్కు అడ్డుకొలత కనీసం 21 సెంటీమీటర్లు ఉండాలి. అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లు దాటకూడదు. అంచు లోతు అడ్డుకొలతలో 5 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. బరువుకు ఓ సూత్రం ఉంది: అడ్డుకొలతలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించరాదు, మొత్తం ఎంత పెద్ద డిస్కయినా 200 గ్రాములు దాటరాదు.

21.1ని 8.3తో హెచ్చిస్తే 175.1 వస్తుంది. దూరం పోయే డ్రైవర్ డిస్కుల మీద 175 అన్న అంకె అంత తరచుగా కనిపించడానికి కారణం ఈ గుణకారమే. డిస్క్‌క్రాఫ్ట్ వారి బజ్ అనే మిడ్‌రేంజ్ డిస్కు అడ్డుకొలత 21.7, కాబట్టి దాని గరిష్ఠ బరువు 180.1 గ్రాములు. పెద్ద కంపెనీకైనా గ్యారేజీలో మొదలైన కంపెనీకైనా హద్దులు ఇవే. అర సెంటీమీటరు అటూఇటూగా అందరూ ఒకే గీతల మధ్య గీస్తున్నారు. అందువల్ల రెండు కంపెనీల డిస్కులు చాలాసార్లు అన్నదమ్ముల్లా కనిపించడం కాపీ కొట్టడం వల్లే అనుకోనక్కర్లేదు.

ఇక డిస్కు మీద అచ్చువేసే నాలుగు అంకెలు. ఇన్నోవా మొదలుపెట్టిన ఈ పద్ధతిని దాదాపు అందరూ అందుకున్నారు. మొదటిది వేగం, రెండోది గాల్లో తేలే గుణం, మూడోది విసిరిన ఊపులో ఉన్నప్పుడు పక్కకు తిరిగే తీరు, నాలుగోది ఊపు తగ్గాక చివర్లో వంగే తీరు. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరేవాడికి మూడో అంకె మైనస్‌లో ఉంటే డిస్కు మొదట కుడికి జరుగుతుంది, నాలుగో అంకె పెరిగేకొద్దీ చివర్లో ఎడమకు గట్టిగా పడుతుంది. బుట్ట దగ్గరి విసుర్లకు వాడే పట్టర్ రకం డిస్కు, ఇన్నోవా ఏవియర్ 2, 3, 0, 1. అదే కంపెనీ డిస్ట్రాయర్ డ్రైవర్ 12, 5, -1, 3.

బరువూ కొలతా పీడీజీఏ తనిఖీ చేస్తుంది. ఈ నాలుగు అంకెలను మాత్రం ఎవరూ తనిఖీ చెయ్యరు. ఏ కంపెనీ డిస్కుకు ఆ కంపెనీయే మార్కులు వేసుకుంటుంది. ఒకరి 7 ఇంకొకరి 8 కావచ్చు. కంపెనీ మారినవాడు "ఈ అంకెలు అబద్ధం" అని విసుక్కోవడంలో తప్పులేదు గానీ, అవి అబద్ధం కావు, వేరే కొలబద్ద మీద నిజం. బ్రాండును నమ్ముకోవడం వల్ల దక్కే అసలు లాభం ఇక్కడే ఉంది. ఒకే కంపెనీ డిస్కులు పదిహేను మోసేవాడికి ఒక్క కొలబద్ద అర్థమైతే చాలు. కొత్త డిస్కు కొన్నప్పుడు అది ఎలా ఎగురుతుందో చాలావరకు ముందే ఊహించగలడు.

ఆ ఊహ కూడా ఒక హద్దు దాకానే. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే నాలుగు అంకెలు ఉన్న రెండు డిస్కులు రెండు రకాలుగా ఎగరడం ఈ ఆటలో రోజువారీ సంగతి. కరిగించిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఎక్కించి చల్లారుస్తారు. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ ముడుచుకుంటుంది. ఎంత ముడుచుకుంటుందన్నది ప్లాస్టిక్ రకాన్ని బట్టి, చల్లార్చే వేగాన్ని బట్టి మారుతుంది. ఒక బ్యాచ్‌లో పైభాగం ఉబ్బి వస్తుంది, ఇంకో బ్యాచ్‌లో చదునుగా వస్తుంది. అచ్చు రెండు ముక్కలు కలిసేచోట అంచు మీద ఒక సన్నని గీత మిగులుతుంది. దాన్ని పార్టింగ్ లైన్ అంటారు. ఆ గీత కాస్త ఎత్తుగా ఉంటే డిస్కు చివర్లో ఎక్కువ వంగుతుంది, కిందికి ఉంటే తిన్నగా పోతుంది. అనుభవం ఉన్నవాళ్లు దుకాణంలో డిస్కును తిరగేసి అంచు మీద బొటనవేలు నడిపేది ఇందుకే. దానికి తోడు చవక ప్లాస్టిక్ నాలుగు చెట్లకు తగిలేసరికి మెత్తబడి స్వభావం మార్చుకుంటుంది, ఖరీదైన గట్టి ప్లాస్టిక్ ఏళ్ల తరబడి నిలబడుతుంది. రెండు కంపెనీల మధ్య తేడా కన్నా ఒకే కంపెనీ రెండు బ్యాచ్‌ల మధ్య తేడా ఎక్కువగా ఉండే సందర్భాలు కొల్లలు. కాబట్టి నమ్మకం పెట్టుకోవాల్సింది ఏదైనా ఉంటే అది ఒక అచ్చు, ఒక ప్లాస్టిక్, ఒక బరువు మీద. కంపెనీ ముద్ర ఆ తర్వాత.

ఆ ముద్ర ఎవరిదో కూడా చూడాలి. వెస్ట్‌సైడ్ ఫిన్లాండ్ పేరు, డైనమిక్ డిస్క్స్ కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా ఊరి పేరు. రెంటి డిస్కులూ ఏళ్ల తరబడి స్వీడన్‌లోని షెలెఫ్టియోలో, లాటిట్యూడ్ 64 ఫ్యాక్టరీలో తయారయ్యాయి. మిలెనియం డిస్కులు ఇన్నోవా చేసిపెట్టింది. ఫిన్లాండ్‌లో 2006లో పుట్టిన డిస్క్‌మేనియా మొదట్లో ఇన్నోవా దగ్గరే చేయించుకుంది. థాట్ స్పేస్ అథ్లెటిక్స్ డిస్కులు ఎంవీపీ అనే మరో కంపెనీ ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. ఒకే మిల్లు బియ్యం రెండు పేర్ల సంచుల్లో అమ్ముడైనట్టే ఇదీ. "చిన్న కంపెనీ, నాణ్యత ఎలా ఉంటుందో" అని వెనకాడేవాడు తన బ్యాగులోని డిస్కు పోసిన ఫ్యాక్టరీలోనే ఆ చిన్న కంపెనీ డిస్కూ పోశారని తెలిస్తే ఏమంటాడో! అచ్చు వేరు కాబట్టి ఎగిరే తీరు వేరు, అది నిజమే. పనితనం గురించిన భయానికి మాత్రం అక్కడ ఆధారం లేదు.

సొంతంగా చేసుకునే చిన్నవాళ్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఇప్పుడు పెద్దవైనవన్నీ ఒకప్పుడు ఇలాంటివే. ఇన్నోవా పుట్టుకే 1983లో డేవ్ డనిపేస్ గీసిన ఈగిల్ అనే ఒక్క డిస్కు. అంతవరకు ఫ్రిస్బీ లాంటి గుండ్రటి అంచు డిస్కులతో ఆడేవారు. ఈగిల్‌కు అంచు వాలుగా చెక్కినట్టు ఉండటంతో గాలిని కోసుకుపోయింది. ఈనాటి డ్రైవర్లన్నీ దాని సంతానమే. మిషిగన్‌లో ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన ఎంవీపీ 2010లో ఐయాన్ అనే ఒక్క పట్టర్‌తో బజారుకొచ్చింది. మధ్యభాగం ఒక ప్లాస్టిక్, చుట్టూ ఉంగరం ఇంకో బరువైన ప్లాస్టిక్. బరువు అంచుకు చేరితే డిస్కు తిరుగుడు ఎక్కువసేపు నిలుస్తుందన్నది వాళ్ల ఆలోచన. అప్పట్లో దీన్ని వింతబొమ్మలా చూసినవాళ్లు ఉన్నారు. పదకొండేళ్ల తర్వాత, 2021లో యూటాలోని ఆగ్డెన్‌లో ప్రపంచ పోటీ చివరి బుట్ట దగ్గర, ఆ ఏడాదే ఎంవీపీకి మారిన జేమ్స్ కాన్రాడ్ 247 అడుగుల దూరం నుంచి విసిరిన డిస్కు నేరుగా గొలుసుల్లో పడింది. స్కోరు సమమైంది, ప్లేఆఫ్‌లో కాన్రాడ్ గెలిచాడు. ఓడింది కోటి డాలర్ల మెక్‌బెత్.

చిన్న కంపెనీ డిస్కు ప్రయత్నించడానికి నాకు కనిపించే బలమైన కారణం ఇదే: పెద్ద కంపెనీ చెయ్యడానికి ఇష్టపడనిది చిన్న కంపెనీ చేస్తుంది. స్వీడన్‌ వారి కస్టాప్లాస్ట్ కంపెనీ పట్టర్ బెర్గ్ అంకెలు 1, 1, 0, 2. తేలే గుణం 1! ఏవియర్‌కు 3. తేలని డిస్కు ఎవరికి కావాలి? బుట్ట దాటి జారిపోయి, తిరిగి ముప్పై అడుగుల నుంచి విసరాల్సి వచ్చినవాడికి కావాలి. విసిరినచోట పడి అక్కడే ఉంటుంది. కొలరాడోలోని ట్రాష్ పాండా వాడేసిన ప్లాస్టిక్‌ను మళ్లీ కరిగించి డిస్కులు పోస్తుంది. అలాంటి పని లక్షల్లో అచ్చుపోసే కంపెనీకి తలనొప్పి.

ఇక డబ్బు. అమెరికాలో చవక ప్లాస్టిక్ డిస్కు సుమారు 9 నుంచి 12 డాలర్లు, మేలు రకం 17 నుంచి 22 దాకా. చిన్న కంపెనీలవీ దాదాపు ఆ మేలు రకం ధరల్లోనే ఉంటాయి. 20 డాలర్ల చొప్పున 16 డిస్కుల బ్యాగంతా మార్చేస్తే 320 డాలర్లు. బ్యాగులో ఒక్క డిస్కును మాత్రమే మార్చి, కొత్తదానివి రెండు ప్రతులు కొంటే 40, అంటే ఎనిమిదో వంతు. రెండెందుకంటే, చిన్న కంపెనీతో అసలు ప్రమాదం నాణ్యత దగ్గర ఉండదు, దొరకడం దగ్గర ఉంటుంది. ఒక బ్యాచ్ అయిపోతే తర్వాతిది ఎప్పుడొస్తుందో చెప్పలేం, వచ్చినా అదే తీరున ఎగురుతుందని హామీ లేదు. ఏవియర్ చెరువులో పడితే ఏ దుకాణంలోనైనా ఇంకోటి దొరుకుతుంది. అయితే మహమ్మారి రోజుల్లో పెద్ద కంపెనీల డిస్కులకూ కరువొచ్చింది. పీడీజీఏ సభ్యులు 2019లో సుమారు 53 వేలు, 2020లో 71 వేలు, 2021లో లక్ష దాటారు. ఫ్యాక్టరీలు ఆ వేగం అందుకోలేకపోయాయి. చేతికందిన బ్రాండు కొనక తప్పని ఆ రోజుల్లో చాలామంది చిన్న కంపెనీల పేర్లు మొదటిసారి విన్నారు.

డాలస్, ఆస్టిన్, షార్లట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఈ ఆట పొరుగుదే. వారాంతం నడకకు వెళ్లే పార్కులో ఆ బుట్టలను చాలామంది చూసే ఉంటారు. షార్లట్ నుంచి అరగంట దూరంలోని రాక్‌హిల్‌లో ఇన్నోవాకు స్థావరం ఉంది, 1999 నుంచి అమెరికా జాతీయ పోటీ జరిగేదీ అక్కడే. ఆస్టిన్ వైపు మింట్ డిస్క్స్ అనే చిన్న కంపెనీ ఉంది.

చిన్న కంపెనీ డిస్కు ప్రయత్నించాలనుకుంటే డ్రైవర్‌తో మొదలుపెట్టవద్దు. వేగం 12 ఉన్న డిస్కు తన అంకెల ప్రకారం ఎగరాలంటే అంత వేగం చేతిలో ఉండాలి. అది లేనప్పుడు కంపెనీల మధ్య తేడా తెలియదు, మన చేతి లోపమే తెలుస్తుంది. దగ్గరి విసుర్లకు వాడే పట్టర్‌తో మొదలుపెట్టండి. ఇప్పుడు వాడుతున్నదానికి రెండు గ్రాములకు మించి తేడా లేని బరువు ఎంచుకోండి. 200 అడుగుల దూరం నుంచి పాతదీ కొత్తదీ మార్చి మార్చి విసరండి, ఒకసారి ఎదురుగాలిలో, ఒకసారి గాలి వెనకనుంచి వీస్తున్నప్పుడు. నెల తర్వాత చెయ్యి ఏ డిస్కు మీదికి పోతుందో అది ఉంచుకుని, రెండోది పక్కింటి పిల్లలకిచ్చేయండి.