ఆట ఆపడం అంత కష్టమెందుకు?
కంప్యూటర్ ఆట ఆడుతుంటే మెదడులో డోపమైన్ విడుదల పెరుగుతుందని 1998లో లండన్ పరిశోధకులు స్కానింగ్‌లో గమనించారు. ‘ఇంకొక్కసారి’ అనిపించడంలో ఈ రసాయనానికీ పాత్ర ఉంది. మరి ఆటలతో చురుకుదనం రాదా? కొంత వస్తుంది, వేగమైన ఆటలు చూపుతో గమనించే శక్తిని పెంచుతాయని 2003 నాటి ప్రయోగం చూపింది. అందుకే ఆటనే తప్పుపట్టను, అది మింగేసే గంటల గురించే నా బెంగ. చదువు, నిద్ర పాడవుతున్నా ఏడాదిపాటు ఆపలేకపోతే దాన్ని రుగ్మతగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గుర్తించింది.

గంటలకొద్దీ ఆడితే శరీరంలో ముందు అలిసేది కన్ను. తెర చూస్తూ రెప్పలు తక్కువగా ఆర్పుతాం, కళ్లు పొడిబారి మండుతాయి. దగ్గరి బొమ్మ కోసం కంటి లోపలి కండరం బిగుసుకునే ఉంటుంది. నెల్లూరు దగ్గరి మైపాడు ఒడ్డున నిలబడి దూరాన పోయే పడవను చూడండి, ఆ కండరం సడలుతుంది. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి ముప్పు కూడా తక్కువ.