మనవడి కోసం వియ్యం

1895 నవంబరులో కాన్సుయెలో వాండర్‌బిల్ట్ అనే పద్దెనిమిదేళ్ల అమెరికా అమ్మాయి ఇంగ్లండుకు చెందిన మార్ల్‌బరో డ్యూకును పెళ్లాడింది. కట్నం 25 లక్షల డాలర్ల రైల్వే వాటాలు, వాటిమీద ఏటా 4 శాతం రాబడికి హామీ. అప్పటికి ఇరవై ఏళ్లుగా అమెరికా గోధుమలు రైళ్లలో రేవులకూ, ఆవిరి ఓడల్లో లండనుకూ చేరి అక్కడి ధాన్యం ధర పడగొట్టాయి. ప్రభువుల భూములకు కౌలు తగ్గింది, అప్పులు పెరిగాయి. తమ నడ్డి విరిచిన రైళ్ల లాభమే ప్రభువుల ఇంటికి కట్నంగా వచ్చిందన్నమాట. ఇలాంటి పెళ్లిళ్లను బిరుదు కొనుక్కోవడమని ఎద్దేవా చేస్తారు. కానీ మామగారికి ఏ బిరుదూ దక్కదు. కూతురు డచెస్ అవుతుంది, అదీ భర్త పేరు మీద. తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే ఆ హోదా అచ్చంగా సొంతమయ్యేది మనవడికే. అసలు బేరం మనవడి కోసమేనని నా వాదన.

మన హైదరాబాదులో ఇదే బేరం తిరగబడి జరిగింది. 1924 మార్చిలో టర్కీ ఖిలాఫత్‌ను రద్దుచేసి, చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను దేశం దాటించింది. ఫ్రాన్సులోని నీస్‌లో తలదాచుకున్న ఆయనకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలనెలా భత్యం పంపేవాడు. 1931 నవంబరు 12న ఆ ఊళ్లోనే ఖలీఫా ఏకైక కుమార్తె దుర్రుషెహ్వార్‌ను నిజాం పెద్దకొడుకు ఆజం జాకూ, అదే వంశపు నీలోఫర్‌ను రెండో కొడుకు ముఅజ్జం జాకూ ఇచ్చి పెళ్లి చేశారు. ఈసారి డబ్బు మగపెళ్లివారిది, వంశం ఆడపెళ్లివారిది. అది మతభక్తి, బేరం కాదని కొందరంటారు. భక్తి లేదనలేం. అయితే భక్తికి భత్యం చాలు, వియ్యం అక్కర్లేదు. పైగా దుర్రుషెహ్వార్‌కు 1933లో పుట్టిన ముకర్రం జానే, కన్నకొడుకును పక్కనపెట్టి మరీ, నిజాం వారసుడిగా ప్రకటించాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ప్రేమ పెళ్లిళ్లు లేవా అంటే, ఉన్నాయి. షికాగో వ్యాపారి లీటర్ కూతురు మేరీకీ, తర్వాత వైస్రాయి అయిన కర్జన్‌కూ నిజంగానే ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ కర్జనే 1902లో బేరార్‌ను ఆరో నిజాం దగ్గర శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. చేజారిన ఆ నేల పేరే 1936లో ఆజం జాకు యువరాజ బిరుదైంది, దుర్రుషెహ్వార్ బేరార్ యువరాణి అయింది!

ఇక బలమైన అభ్యంతరం: ఇలా లెక్కగడితే ఆడవాళ్లు పావులుగానే మిగలరా? బేరం చేసినవాళ్లు అలాగే చూశారు. ఇద్దరు కొడుకుల్ని కన్న కాన్సుయెలో 1906లోనే భర్తకు దూరమైంది. 1926లో ఆ పెళ్లి చెల్లదని చర్చి తేల్చినప్పుడు, బలవంతం చేసింది తానేనని తల్లే సాక్ష్యమిచ్చింది. నీలోఫర్‌కు పిల్లలు లేరు, 1952లో విడాకులయ్యాయి. ఐతే ఇవాళ హైదరాబాదులో ఏ ఆటోవాణ్ణడిగినా నీలోఫర్ ఆసుపత్రికి తీసుకెళతాడు.  పాతబస్తీలో దుర్రుషెహ్వార్ పేరిట కూడా ఆసుపత్రి ఉంది. వియ్యమందుకున్నవాళ్ల లెక్కల్లో ఇవి లేవు.

లెక్కలో ఉన్న మనవడు 1967లో తాత వారసుడయ్యాడు. 1971లో 26వ రాజ్యాంగ సవరణ సంస్థానాధీశుల గుర్తింపునూ రాజభరణాన్నీ రద్దుచేసింది. ముకర్రం జా పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్లి, చాలాకాలం గొర్రెల పెంపక క్షేత్రం నడిపాడు.