కీ తిప్పితే 'టక్' మని ఆగిపోతోందా? సెల్ఫ్ మోటార్ విప్పితే కనిపించేది ఇదే!

డ్యాష్‌బోర్డ్ లైట్లు బాగానే వెలుగుతాయి. కీ తిప్పితే మాత్రం బానెట్ కింద ఒక్క 'టక్', అంతే. షెడ్‌కి తీసుకెళ్తే 'సెల్ఫ్ పోయింది, కొత్తది వేసేద్దాం' అంటారు. వేలల్లో ఉండే ఆ బిల్లుకి ఓకే చెప్పే ముందు పాతదాన్ని విప్పించి చూడండి. చాలాసార్లు పోయేది మోటార్ కాదు, లోపల అరిగిపోయే చిన్న పార్టులే.

అసలు విప్పాల్సిన అవసరం ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. 'టక్ టక్ టక్' అని వరసగా కొట్టుకుంటూ లైట్లు డిమ్ అయితే అనుమానం బ్యాటరీ, టెర్మినల్స్ మీదే. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ 9.6 కన్నా కిందికి పడిపోయినా అంతే. విప్పే పనైతే మొదట బ్యాటరీ నెగటివ్ తీసేయండి. సెల్ఫ్‌కి వచ్చే లావు కేబుల్‌లో కీ ఆఫ్‌లో ఉన్నా కరెంట్ ఉంటుంది. స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలే!

మోటార్ పక్కన అంటుకుని ఉండే చిన్న సిలిండర్ పేరు సాలినాయిడ్. ఇది పినియన్‌ని ఫ్లైవీల్ పళ్లలోకి తోస్తుంది, అదే ఊపులో లోపలి రాగి కాంటాక్ట్‌లని కలుపుతుంది. మన ఫాస్ట్ చార్జర్లు పంపేది కొన్ని ఆంప్స్. ఇక్కడ వెళ్లేది 100కి పైనే! అందుకే స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ రాగి కొంచెం కాలి గుంటలు పడుతుంది. చివరికి శబ్దం వస్తుంది, కరెంట్ మాత్రం దాటదు.

వెనక మూత తీస్తే నల్లటి పొడి రాలుతుంది. అది బ్రష్‌లు అరిగిన పొడి. ఫోన్ టియర్‌డౌన్‌లలో ఇంత మురికి ఎప్పుడూ చూసి ఉండరు. మామూలుగా నాలుగు బ్రష్‌లు ఉంటాయి. అవి పొట్టిబడ్డాక స్ప్రింగ్ వాటిని కామ్యుటేటర్‌కి గట్టిగా నొక్కలేదు. స్పానర్‌తో మెల్లగా తడితే బండి ఒక్కోసారి స్టార్ట్ అయ్యేది ఇందుకే, ఇరుక్కున్న బ్రష్ కదిలి మళ్లీ తగులుతుంది. అలా ఎన్నాళ్లో నెట్టుకురాలేం. సగానికి పైగా అరిగితే మార్చేయాల్సిందే. ఆటో ఎలక్ట్రికల్ షాపులో బ్రష్ సెట్ వందల్లోనే దొరుకుతుంది.

ఇక ఆర్మేచర్. కామ్యుటేటర్ నల్లబడి ఉంటే సన్న శాండ్ పేపర్‌తో మెరిసేలా తుడవచ్చు. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి ఒక ప్రోబ్ కామ్యుటేటర్ మీద, ఇంకోటి షాఫ్ట్ మీద ఆనించండి. బీప్ వచ్చిందా, వైండింగ్ షార్ట్ అయినట్టే. కాలిన వాసన కూడా తోడైతే బ్రష్‌లు మార్చి లాభం లేదు. అప్పుడు మాత్రం మెకానిక్ చెప్పిన కొత్త సెల్ఫ్‌కే డబ్బులు పెట్టండి.